ఆఫీసుకు వేసిన టీకా

మా సంస్థలోకి ప్రస్తుతం గాలి తప్ప మరేదీ అనుమతి లేకుండా రావడం లేదు. గాలి విషయం కూడా పరిశీలనలో ఉంది. ఈ మాట చెబితే మా బావమరిది నేను గొప్పలు పోతున్నానంటాడు. గొప్పలు కాదు, ఆ ఫైలు నా బల్ల మీదే ఉంది.

నేను ప్రాంతీయ పశు టీకాల పరిశోధనా సంస్థలో ఆఫీసు సూపరింటెండెంటుని. పేరు జోగారావు. నాకు సైన్సు తెలీదు. తెలీకపోబట్టే ఇన్నేళ్లుగా శాస్త్రవేత్తలందరితోనూ సఖ్యంగా ఉండగలిగాను. మా సంస్థ కృష్ణా డెల్టాలో ఉంది. చుట్టుపక్కల లంక గ్రామాల్లో సగం మంది గేదెల మీదే బతుకుతారు. ఏటా తొలకరి పడి నేల చిత్తడి అయ్యేసరికి ఆ గేదెలకు గొంతువాపు జబ్బు వస్తుంది. పొద్దున పాలిచ్చిన గేదె సాయంత్రానికి మెడ వాచి గురక పెడుతుంది, మర్నాటికి ఉండదు. ఆ జబ్బుకి ఇప్పుడున్న దానికంటే గట్టి టీకా కనిపెట్టడం మా సంస్థ ధ్యేయమని గేటు ముందు బోర్డు మీద రాసి ఉంది. బోర్డుకి ఏటా రంగు వేయిస్తాం.

డాక్టర్ మేరీ సుహాసిని గారు మాత్రం ఆ బోర్డు నిజమనుకున్నారు. ఆవిడ మా సంస్థలో శాస్త్రవేత్త. నాలుగైదేళ్లు ల్యాబులో తల వంచుకుని కూర్చుని నిజంగానే టీకా కనిపెట్టేశారు. అంతటితో ఊరుకోకుండా, దాని గురించి డైరెక్టరు గారి ముందు ఉపన్యాసం కూడా ఇచ్చారు. మా కష్టాలకు మూలం ఆ ఉపన్యాసమే.

నాకర్థమైనంతలో సంగతి ఇది. ఆ జబ్బు తెచ్చే బాక్టీరియాకి ఒంటి మీద ఒక పైపొర ఉంటుందట. ఆ పొర నిండా రకరకాల ప్రొటీన్లు ఉంటాయట. బాక్టీరియా గేదె ఒంట్లో దూరగానే కావలి కణాలు దాన్ని పట్టి మింగి, ముక్కలు చేసి, ఒక ప్రొటీను ముక్కని నెత్తిన పెట్టుకుని సైనిక కణాల దగ్గరికి మోసుకుపోతాయట. సైనిక కణానికి ఆ ముక్క చూస్తే సరిపోదు, రెండో సంకేతం కూడా అందాలి. అందిందా, అప్పుడు మేల్కొని, ఒకటి వెయ్యిగా పెరిగి యుద్ధానికి దిగుతుంది. యుద్ధం ముగిశాక కొన్ని కణాలు ఆ శత్రువు ఆనవాలు గుర్తుపెట్టుకుని ఒంట్లోనే ఉండిపోతాయి. సుహాసిని గారు చేసిందేమిటంటే, కావలి కణాలను అన్నిటికంటే గట్టిగా తట్టి లేపే పైపొర ప్రొటీను ఏదో వెతికి పట్టుకుని, దాన్ని ఒక్కదాన్నే శుద్ధి చేసి టీకాగా మార్చడం. అందులో బాక్టీరియా ఉండదు కనక జబ్బు రాదు, ఒంటికి ఆనవాలు మాత్రం తెలిసిపోతుంది. లంక గ్రామాలకు సరిపడా టీకా చల్లగదిలో సిద్ధంగా ఉందనీ, వానలు పడేలోపు బయటికి పంపడానికి సంతకం పెట్టమనీ ఆవిడ అడిగారు.

మా డైరెక్టరు డాక్టర్ కోదండపాణి గారు మనిషి చెడ్డవారు కాదు. చెడ్డవారైతే ఎక్కడో ఒకచోట ఆగేవారు. ఉపన్యాసాల్లో కళ్లు మూసుకుని వినడం ఆయన అలవాటు. ఆ రోజు మాత్రం మధ్యలోనే కళ్లు తెరిచారు. అయిపోయాక లేచి నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"ఒక గేదెకు ఉన్న వ్యవస్థ మనకు లేదు. ఈ సంస్థలోకి ఎవరు పడితే వారు వస్తున్నారు. అర్జీలు వస్తున్నాయి, ఆడిట్ అభ్యంతరాలు వస్తున్నాయి, రైతులు వస్తున్నారు. వీటన్నిటినీ మనం ఏ ప్రతిఘటనా లేకుండా స్వీకరిస్తున్నాం. రోగనిరోధక శక్తిపై పరిశోధన చేసే సంస్థకే రోగనిరోధక శక్తి లేకపోవడం సిగ్గుచేటు."

మేమందరం చప్పట్లు కొట్టాం. సుహాసిని గారు సంతకం మాట మళ్లీ ఎత్తారు. ముందు సంస్థకి, తర్వాత గేదెలకి అన్నారు డైరెక్టరు గారు.

మర్నాటికల్లా సర్క్యులర్ వచ్చింది. దాని ప్రకారం గేటు దగ్గర ఉండే వాచ్‌మన్ కోటయ్య ఇకపై వాచ్‌మన్ కాడు, కావలి కణం. బయటివాళ్లెవరైనా వస్తే పేరు, ఊరు, పని అడగకూడదు. శరీరం అడుగుతుందా? వచ్చినవాడి పైభాగం నుంచి ఒక ముక్క తీసుకుని, దాన్ని పళ్లెంలో పెట్టి, నెత్తిన పెట్టుకుని లోపలికి మోసుకురావాలి. మనిషి మొత్తం లోపలికి రానక్కర్లేదు, ముక్క చాలు. ఆ ముక్కని పరిశీలనాధికారి చూడాలి. ఆయన చూసినా ఏమీ చేయకూడదు, రెండో సంకేతం కోసం ఆగాలి. రెండో సంకేతం ఇంకో అధికారి ఇవ్వాలి. ప్రతి కాయితానికీ రెండు సంతకాలెందుకని ఇన్నాళ్లూ మమ్మల్ని ఆడిపోసుకున్న వాళ్ల నోళ్లు మూతపడ్డాయి. రెండు సంతకాలు ప్రకృతి నియమమని సైన్సే తేల్చేసింది.

జ్ఞాపకం ఉంచుకునే కణాల పోస్టుల్లోకి రిటైరైన గుమాస్తాలను పిలిపించారు. పెన్షను, జీతం రెండూ. ఒకసారి తిప్పి పంపిన మనిషిని జన్మలో మర్చిపోకపోవడం వాళ్ల విధి. వాళ్లకి అది కొత్తేమీ కాదు. సర్వీసులో ఉన్నప్పుడు కూడా అదే చేసేవారు.

ఇక జ్వరం సంగతి. శత్రువు లోపలికొస్తే ఒళ్లు వేడెక్కడం రోగనిరోధక శక్తికి గుర్తు కనక, ఆఫీసు కూడా వేడిగా ఉండాలని ఏసీలూ ఫ్యాన్లూ ఆపించారు. మే నెల. పరిశీలనాధికారి గారు బనీనుతో కూర్చుని ముక్కలు పరిశీలించేవారు. గది వేడి తగ్గితే మెమో.

మొదటి ముక్క కరెంటు మీటరు చూసే కుర్రాడిది. వాడి చొక్కా గుండీ. కోటయ్య దాన్ని పళ్లెంలో పెట్టుకుని ఊరేగింపుగా తెచ్చాడు. తెల్ల గుండీ, దారంతో సహా. పరిశీలనాధికారి అది మన సంస్థకి చెందిన గుండీ కాదని తేల్చారు. రెండో సంకేతం వచ్చింది. గుండీ మీద చర్యకి ఒక గుమాస్తా చాలడు గనక, కణంలాగా ఆ గుమాస్తా వెయ్యి మంది కావాలని పై ఆఫీసుకి నియామకాల ప్రతిపాదన వెళ్లింది. ఆ కుర్రాడు గుండీ లేని చొక్కా పట్టుకుని ఎండలో నిలబడి, చివరికి మీటరు చూడకుండానే వెళ్లిపోయాడు. తర్వాత పోస్ట్‌మన్ టోపీ, తాగునీళ్ల ట్యాంకరు డ్రైవరు చేతి రుమాలు, ఆడిటరు గారి కళ్లజోడు. ఆడిటరు గారు కళ్లజోడు లేకుండా మా లెక్కలు చూడలేక వెనక్కి వెళ్లారని వినగానే డైరెక్టరు గారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ సంస్థ చరిత్రలో ఇంతటి ప్రతిఘటన చూడలేదన్నారు.

సామ్రాజ్యం గారు ఆ రోజుల్లోనే వచ్చారు. ఆవిడ లంక గ్రామాల పాల సంఘానికి అధ్యక్షురాలు. ఇంటి దొడ్లో పది పన్నెండు గేదెలుంటాయి. కిందటేడు వానల్లో రెండింటిని పోగొట్టుకున్నారు. ఆ తర్వాత సుహాసిని గారి టీకా మొదట పరీక్షించింది ఆవిడ గేదెల మీదే. టీకా బలం ఏడాదికే కనక వాటన్నిటికీ మళ్లీ ఈ ఏడు టీకా పడాల్సిందే. టీకా ఎప్పుడిస్తారో కనుక్కుందామని వచ్చారు. కోటయ్య ఆవిడ గొడుగు తీసుకుని లోపలికి పట్టుకొచ్చాడు. గొడుగు నల్లది, మన సంస్థది కాదు. తిరస్కరించాం.

రెండోసారి వచ్చినప్పుడు ఆవిడ ఇంకా గేటు దాకా రాకముందే రిటైర్డు గుమాస్తాలు గుర్తుపట్టారు. రెండోసారి స్పందన మొదటిసారి కంటే వేగంగా, తీవ్రంగా ఉండాలని సర్క్యులర్లో ఉంది. ఈసారి చెప్పు తీసుకున్నారు. మూడోసారికి ఆవిడ బస్సు దిగుతుండగానే మా వాళ్లు నలుగురు పరుగెత్తుకెళ్లి మళ్లీ బస్సెక్కించారు. పరిశీలనాధికారి గారు దీన్ని బూస్టర్ ఫలితమని రాశారు.

వానలు దగ్గర పడుతున్నాయని సుహాసిని గారు రోజూ డైరెక్టరు గారి గది ముందు నిలబడేవారు. ఒకరోజు ఆవిడ టీకా పెట్టెలతో బయల్దేరబోతుంటే కోటయ్య ఆపాడు. లోపలికి వచ్చేవాటికే కదా నియమం, బయటికి వెళ్లేవాటికి ఎందుకని అడిగారావిడ. పెట్టెలో ఏముందని వాడు అడిగాడు. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. గొంతువాపు బాక్టీరియా పైపొర ప్రొటీనని చెప్పారు. పళ్లెం వచ్చింది. ఒక సీసా నెత్తినెక్కింది. ఊళ్లోవాళ్ల గుండీలూ గొడుగులూ చూసి చూసి విసిగిపోయిన పరిశీలనాధికారికి మొట్టమొదటిసారి నిజమైన శత్రువు ఆనవాలు కనపడింది. రెండో సంకేతం అడక్కుండానే వచ్చేసింది.

"ఇది బాక్టీరియా కాదు సార్" అన్నారు సుహాసిని గారు, డైరెక్టరు గారి ఎదుట నిలబడి. "దాని పైపొరలో ఉండే ఒక్క ప్రొటీను. దీనివల్ల ఎవరికీ ఏమీ కాదు. గేదెలకి మాత్రం ప్రాణం."

"డాక్టరు గారూ, మీ పరిశోధనే మీకు గుర్తు చేయాల్సి వస్తోంది" అన్నారు డైరెక్టరు గారు, ఎంతో వాత్సల్యంగా. "శత్రువును పైపొర చూసి గుర్తించాలని చెప్పింది మీరే. మేం గుర్తించాం. సంస్థలోని ప్రతి విభాగమూ మేల్కొంది. అంటే మీ టీకా పనిచేసింది. మన మీద పనిచేసింది. అభినందనలు."

టీకా మొత్తం శత్రు పదార్థంగా ప్రకటించబడింది. తగిన విధముగా ధ్వంసము చేయవలెనని ఉత్తర్వు. సుహాసిని గారికి ఒక శాలువా కూడా కప్పారు.

అదే వారంలో రాజధాని నుంచి తనిఖీకి ఒక పెద్ద అధికారి వచ్చారు. ఆయన కారు అద్దం తుడిచే బట్టతో సహా ఆయన టై పళ్లెంలో లోపలికి వెళ్లింది. ఇన్నేళ్ల నా ఉద్యోగం ఆ రోజుతో సరి అనుకుని ఇంట్లో చెప్పేశాను. ఆయన గేటు బయట, చెట్టు నీడ కూడా లేనిచోట, ఓ గంట నిలబడ్డారు. తర్వాత తన నోట్‌లో ఇలా రాసుకున్నారని తెలిసింది. ప్రజలను ఇంత శాస్త్రీయంగా దూరంగా ఉంచిన కార్యాలయం రాష్ట్రంలో మరొకటి లేదు, ఈ పద్ధతిని ఇతర శాఖలకు విస్తరింపజేయు అంశము పరిశీలించదగును. మాకు ఆదర్శ సంస్థ అనే బిరుదు వచ్చింది.

మర్నాడు తొలకరి పడింది.

ఆ తర్వాతి రోజు పొద్దున్నే కోటయ్య పళ్లెం తెచ్చాడు. అందులో ఒక పలుపుతాడు ఉంది. కొత్తది కాదు, మెడ రాపిడికి నున్నబడిన తాడు. ఈసారి కోటయ్య దాన్ని నెత్తిన పెట్టుకోలేదు, రెండు చేతులా పట్టుకున్నాడు. ఎక్కడిదని అడిగాను.

"ఆ పాల సంఘం అమ్మగారిదండి. నేను అడగలేదండి. ఏదో ఒక ముక్క ఇస్తేనేగా మీవాళ్లు చూసేదని ఆవిడే ఇచ్చిందండి. ఇది కట్టిన గేదె రాత్రి పోయిందటండి."

పరిశీలనాధికారి తాడు అటూ ఇటూ తిప్పి, మన సంస్థకి సంబంధించినది కాదని రాశారు. ఆ రాత చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసు వేడికి కాదు. ఎంత మండిందంటే, సర్వీసంతటిలో మొదటిసారి నేను ఒక సర్క్యులర్‌ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. చదివితే అడుగున ఒక చిన్న పేరా దొరికింది. శరీరమునందు విసర్జనకు ఎట్టి అనుమతియూ అవసరము లేదు గనుక, వెనుక గేటు ద్వారా బయటకు పోవు చెత్తకు ఈ నియమములు వర్తించవు. రోజూ చెత్తబండి మీద సంతకం పెట్టడానికి విసుగేసి డైరెక్టరు గారు స్వయంగా చేర్పించిన పేరా అది.

సుహాసిని గారి దగ్గరికి వెళ్లి, ధ్వంసం చేయమన్న సరుకు చట్టప్రకారం ఏమవుతుందో చెప్పాను. ఆవిడకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తన టీకాని చెత్త అనడం ఇష్టం లేదని మొహంలోనే తెలుస్తోంది. తాడు చూపించాను. వెంటనే చల్లగది తాళాలు తీశారు. ఐసు పెట్టెల్లో సర్ది, ప్రతి పెట్టె మీదా చెత్త అని ముద్ర వేశాం. కోటయ్య చేత కబురు పంపితే, వెనక గేటు దగ్గర సామ్రాజ్యం గారు చెత్త కాంట్రాక్టరు హోదాలో ఆటో పెట్టుకుని నిలబడ్డారు. అక్కడ కాపలా వాడు ముక్కు మూసుకుని మరీ గేటు తీశాడు. సుహాసిని గారు సెలవు పెట్టి ఆ ఆటోలోనే వెళ్లారు. బురదలో, వానలో, ఊరూరా తిరిగి ఆవిడా పశువైద్యులూ కలిసి చెత్త మొత్తం గేదెలకు పొడిచేశారు. నాకు చాలా సంతోషమేసింది. ఇంటికి వెళ్లి ఉప్మా రెండోసారి అడిగి మరీ తిన్నాను.

ఆ ఏడు మా చుట్టుపక్కల లంకల్లో ఆ తర్వాత గొంతువాపుతో గేదె పోయిన మాట వినపడలేదు. పక్క తాలూకాలో పోయాయి. ఇలాంటి విషయాలు ఎంత దాచినా దాగవు గదా, పై ఆఫీసు నుంచి విచారణ వచ్చింది. మా వెనక గేటు చూశారు, చెత్తబండి చూశారు, సామ్రాజ్యం గారి గేదెల్ని చూశారు. చివరికి తేల్చిందిది. సదరు సంస్థ యొక్క చెత్త ఏయే గ్రామములకు చేరినదో ఆయా గ్రామములందు పశువులు మరణించకపోవుట గమనింపబడినది. కావున టీకాల పరిశోధనకు కేటాయింపులు నిలిపివేయుచు, ఆ మొత్తమును చెత్త ఉత్పత్తికి మళ్లించవలెను.

ఈ ఉత్తర్వు చదివి సుహాసిని గారు నవ్వారో ఏడ్చారో నేను చెప్పలేను, రెండూ ఒకేసారి వచ్చినట్టున్నాయి. ఆవిడని చెత్త నాణ్యతా విభాగానికి ప్రధానాధికారిని చేశారు. పోనీలెమ్మన్నారావిడ. పేరేదైతేనేం, ల్యాబు ఉంది, ప్రొటీను ఉంది, వచ్చే తొలకరికి పని జరుగుతుంది. నిరుటి కంటే మంచి చెత్త తయారుచేశారు. దానికి జాతీయ స్థాయిలో ప్రశంస కూడా వచ్చింది. నిజం చెప్పొద్దూ, నేనూ గర్వపడ్డాను.

అదే మా కొంప ముంచింది. ప్రశంసాపత్రం చదువుతూ చదువుతూ డైరెక్టరు గారు ఆగిపోయారు. ఇంతటి విలువైన పదార్థాన్ని ఏ శరీరమైనా బయటికి వదులుకుంటుందా అని ప్రశ్నించారు. వెనక గేటుకి తాళం పడింది. సంస్థ చెత్త సంస్థ సొత్తు, కణమైనా బయటికి పోరాదు.

మరి గేదెలో, అని సుహాసిని గారు అడిగారు. బల్ల మీద చెయ్యి పెట్టుకుని, నెమ్మదిగానే అడిగారు. డైరెక్టరు గారు దానికీ సిద్ధంగానే ఉన్నారు.

"డాక్టరు గారూ, టీకా అంటే ఏమిటి? శత్రువు పైరూపాన్ని శరీరానికి పరిచయం చేయడం. పరిచయానికి పదార్థం ఎందుకు? రూపం చాలును. ప్రొటీను ఫోటో తీయించండి. రంగుల్లో, పెద్ద సైజులో. తడవకుండా లామినేషన్ చేయించి గ్రామానికి ఒకటి చొప్పున పంపిణీ చేయండి. గేదెలకు ఉదయం, సాయంత్రం చూపించమనండి."

సుహాసిని గారు లేచి బయటికి వెళ్లిపోయారు. రాజీనామా ఇచ్చారు. అది బయట నుంచి వచ్చిన కాయితమా, లోపలిదా అన్నది తేలక ఇంకా పరిశీలనలోనే ఉంది. ఫోటోలు మాత్రం ఇంకొకరి చేత తీయించారు. బాగానే వచ్చాయి. నీలమూ ఆకుపచ్చా కలిసిన చుట్టలు చుట్టలు, చూడ్డానికి అందంగానే ఉంటుంది ఆ ప్రొటీను.

పంపిణీ బాధ్యత నాకు పడింది. నిన్న సాయంత్రం తాళం వేసిన వెనక గేటు ఊచల్లోంచి సామ్రాజ్యం గారికి వాళ్ల ఊరి ఫోటో అందించాను. మొదట ఆవిడకి అర్థం కాలేదు. పెట్టెలేవి అని నా వెనక్కి చూశారు. సంగతి చెప్పాను. చెబుతున్నంతసేపూ నేల చూస్తూనే చెప్పాను, తలెత్తే మొహం ఎక్కడుంది నాకు. ఆవిడ ఫోటోని తిప్పి తిప్పి చూశారు.

"దీన్ని ముందు మీ సారుకి చూపించండి బాబూ" అన్నారు. "ఆయనకి జబ్బు బాగా ముదిరింది."

ఆ మాటకి కోటయ్య నవ్వాడు. నేనూ నవ్వుదామనుకున్నాను. అంతలో చినుకులు మొదలయ్యాయి, ఈ ఏటి మొదటి చినుకులు. ఆవిడ ఆ ఫోటో తడవకుండా కొంగు కింద పెట్టుకుని, గబగబా బస్సు వైపు నడిచి వెళ్లిపోయారు.